జడ్జి గారి మొహం చూడకుండా

బడిలో గంట కొట్టేముందు ఆమోసు ఒకసారి హెడ్మాస్టరు గారి గది వైపు చూస్తాడు. టైము తెలియక కాదు. గోడ గడియారం అతని నెత్తిమీదే ఉంది, దానికి బ్యాటరీ మార్చేదీ అతనే. అయినా చూస్తాడు. లోపల్నుంచి తల ఊగితేనే గంట మోగుతుంది. స్టాఫ్ రూములో కిటికీ మూయాలన్నా, ఫ్యాను తగ్గించాలన్నా, ముందు అక్కడున్న మేష్టారి మొహం మీదికి ఒక చూపు వెళ్ళి రావాలి. పామర్రు దగ్గర ఆ జిల్లా పరిషత్ హైస్కూల్లో అటెండరుగా చేరి అతనికి ఇరవై మూడేళ్ళయింది. ఆ చూపు కూడా అతనితోపాటే ఉద్యోగంలో చేరినట్టుంది.

ఆ చూపు వల్లే ఆమోసు రెండేళ్ళు వరసగా రిఫరీ పరీక్ష తప్పాడు.

హైస్కూలు పిల్లల కుస్తీ పోటీలకు రిఫరీలంటే మామూలుగా డ్రిల్లు మేష్టార్లే ఉంటారు. కానీ వాళ్ళే ఉండాలని లేదు. పదో తరగతి పాసై, కుస్తీ తెలిసినవాళ్ళెవరైనా జిల్లా సంఘానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందు రూల్సు మీద రాతపరీక్ష. అది గట్టెక్కితే అసలు పోటీల్లోనే మూడు కుస్తీలు చేయించమంటారు. ఒక పెద్దాయన దూరంగా కుర్చీ వేసుకుని మార్కులు వేస్తూ కూర్చుంటాడు. మూడింట్లో రెండు పాసైతే ప్యానెల్లో పేరెక్కుతుంది. యాభై దాటినవాళ్ళని మాత్రం కొత్తగా తీసుకోరు. ఆమోసుకి వచ్చే జనవరికి యాభై నిండుతాయి. అంటే ఈ నవంబరే ఆఖరి అవకాశం.

ఆ కోరిక అతనికి ఇప్పుడు పుట్టింది కాదు. పదహారేళ్ళప్పుడు విజయవాడలో మట్టి గోదాలో దిగి, జనం ముందు చిత్తుగా ఓడిపోయాడు. గెలిచినవాణ్ణి భుజాల మీద మోసుకుపోయారు. ఆమోసు ఒక మూల కూర్చుని ఒంటి మీద మట్టి దులుపుకుంటున్నాడు. అతని పేట పిల్లలు దాహమంటే దోసిట్లోకి నీళ్ళు ఒంపే రోజులవి. ఆ రోజు రిఫరీగా ఉన్న హుమాయూన్ పహిల్వాను తన గ్లాసులో సగం తాగి, మిగతా సగం గ్లాసుతో సహా అతని చేతికిచ్చాడు. "పట్టు మంచిదిరా బేటా. కాలు లేటుగా తీశావు, అంతే" అని, తన తువ్వాలుతో అతని వీపు తుడిచాడు. గెలిచినవాడికి ఊరంతా ఉంటుంది. ఓడినవాడి పక్కన నిలబడేది రిఫరీ ఒక్కడే. ఆమోసుకి ఆ రోజు నుంచి ఆ పని మీద మనసుపడింది.

రాతపరీక్ష గట్టెక్కించింది నుస్రత్ మేడమ్. ఆవిడ ఇంగ్లీషు చెబుతుంది. బడిలో అతన్ని 'ఆమోసు గారూ' అని పిలిచేది ఆవిడొక్కతే. రూల్సు పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఉందని తెలిసి, రోజూ మధ్యాహ్నం తన టిఫిన్ బాక్సు మూసేశాక ఇరవై నిమిషాలు అతనికి చదివి చెప్పేది.

"ఇదేంటండీ ఆమోసు గారూ, అంత కష్టపడి అవతలివాణ్ణి మ్యాటు బయటికి నెడితే ఒక్క పాయింటేనా?"

"ఒకటేనండి మేడమ్. కిందపడేసి పైకెక్కితే రెండండి. వీపు మ్యాటు వైపుకి తిప్పినా రెండేనండి. రెండు భుజాలూ ఆనించేశాడంటే ఇంక పాయింట్ల గొడవే లేదు, కుస్తీ అయిపోయినట్టే."

"అన్నీ మీకే తెలుసుగా! మరి నేనెందుకు గొంతు చించుకోవడం?"

"తెలిసింది ఇంగ్లీషులో ఎలా ఉంటుందో తెలీదు కదండి."

ఆవిడ పకపకా నవ్వింది. మర్నాటి నుంచి పుస్తకంతోపాటు ఒక ఖర్జూరం కూడా అతని ముందు పెట్టేది. చదువుకునేవాళ్ళకి బలం కావాలట.

రాతపరీక్ష బాగానే పాసయ్యాడు. చిక్కంతా మ్యాటు మీదే.

మ్యాటు దగ్గర ముగ్గురు ఉంటారు. లోపల పిల్లలతోపాటు తిరిగేవాడు రిఫరీ. ఎడమ చేతికి ఎర్ర పట్టీ, కుడి చేతికి నీలం పట్టీ కట్టుకుంటాడు. ఎర్ర బట్టల కుర్రాడికి పాయింటొస్తే ఎడమ చెయ్యి, నీలం వాడికైతే కుడి చెయ్యి ఎత్తి వేళ్ళతో చూపిస్తాడు. ఒక పక్క కుర్చీలో జడ్జి, ఎదురు బల్ల దగ్గర చైర్మన్. రిఫరీ చూపించింది ఒప్పుకుంటే జడ్జి అదే రంగు అట్ట ఎత్తుతాడు, లేదంటే రెండోది. తేడా వస్తే చైర్మన్ ఎటంటే అటు. ముగ్గురిలో ఇద్దరి మాట నిలుస్తుంది. ముందు చెప్పాల్సింది మాత్రం రిఫరీయే.

ఆమోసు ముందు చెప్పలేడు. పాయింటు పడ్డ క్షణంలో అతని మెడ దానంతటదే జడ్జి కుర్చీ వైపు తిరిగేది. అక్కడ కూర్చునేది ఎవరో ఒక మేష్టారు. ఆయన మొహంలో ఏదో కనబడేది. అప్పుడు చెయ్యి లేచేది. కళ్ళు మూసి తెరిచేంత ఆలస్యం, అంతే. కానీ మార్కులు వేసే వెంకటకృష్ణారావు గారి కంట్లో పడకుండా పోయేది కాదు.

వెంకటకృష్ణారావు గారు రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ముప్ఫై ఏళ్ళు రిఫరీగా చేశాడు. చేతికి పట్టీ కట్టుకున్న ఎవర్నయినా సరే 'గారూ' అనే పిలుస్తాడు, ఫెయిల్ చేసేటప్పుడు కూడా.

"రిఫరీ గారూ, మీరు చూసింది చెప్పడానికి పక్కాయన మొహంలో ఏం రాసుందండీ?" అని నిరుడు అడిగాడు.

ఆమోసు ఆ మాటకి జవాబు కోసం కూడా పక్కకే చూశాడు పాపం.

ఈసారి పోటీలు విజయవాడలో, ఇండోర్ హాల్లో. తెల్లారగట్ల భార్య సువార్తమ్మ ఆమోసు చేతిలో పులిహోర డబ్బా పెట్టి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది ఆవిడే.

"ప్రభువా, మా ఆయనకి చూపిచ్చింది నువ్వు. ఆ చూపు నీ వైపు తప్ప ఇంకెవరి వైపూ పోకుండా చూడు తండ్రీ."

"నా వైపు కూడా వద్దా?" అన్నాడు ఆమోసు కళ్ళు మూసుకునే.

"ముందు ఇవాళ పని కానియ్. రేపు చూద్దువుగాని."

బస్సులో చేపల బుట్టతో కూర్చున్న ఆవిడ కాస్త జరిగి చోటిచ్చింది. అతని తెల్ల చొక్కాకి నీచు అంటకుండా తన చీర కొంగు మధ్యలో అడ్డం పెట్టుకుంది, అడక్కుండానే. దేవుడు ఇలాంటివాళ్ళని దారి పొడుగునా నిలబెడతాడు కాబట్టే మనుషులు ఊళ్ళు చేరుతున్నారు.

హాల్లో అడుగుపెట్టగానే ఆమోసు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. బోర్డు మీద అంటించిన కాగితంలో అతనికిచ్చిన మ్యాటుకి చైర్మన్ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టున్న నాసిర్ గారు. జడ్జి సంజీవరావు. అంటే సొంత బడి డ్రిల్లు మేష్టారు. ఇరవై మూడేళ్ళుగా ఆమోసు ఎవరి మొహం ఎక్కువ చూశాడో ఆ మనిషే. కొత్త ముఖమైతే కనీసం చదవడానికి కాస్త టైము పడుతుంది. సంజీవరావు గారి కనుబొమ్మ కదిలితే అది టీకో, రిజిస్టరుకో, బంతుల సంచికో ఆమోసుకి క్షణంలో తెలిసిపోతుంది.

ఆయన వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. హాల్లో ఉన్నదే నాలుగు ట్యూబులైట్ల వెలుతురు.

"ఏమయింది సార్?"

"కళ్ళకలక. దగ్గరికి రాకు, అంటుకుంటుంది."

నాసిర్ గారు కుర్చీ రెండడుగులు వెనక్కి లాక్కున్నాడు. "అరె మేష్టారూ, కలక పెట్టుకుని జడ్జీగా వచ్చారేంటండీ! ఏది ఎరుపో ఏది నీలమో కనిపిస్తుందా?"

"మీ అంత బాగా కనిపించకపోయినా ఏదోలా కానిస్తాలెండి" అన్నాడు సంజీవరావు.

మొదటి కుస్తీ మొదలైంది. ఆమోసు విజిల్ ఊది వంగి తిరుగుతున్నాడు. ఎర్ర కుర్రాడు అవతలివాడి కాలు దొరకబుచ్చుకుని కిందపడేసి పైకెక్కాడు. రెండు పాయింట్లు. చెయ్యి లేవాలి. మెడ తిరిగింది. జడ్జి కుర్చీలో రెండు నల్లటి అద్దాలు తప్ప ఏమీ లేదు. ఆమోసు బిత్తరపోయాడు. అప్పుడు చెయ్యెత్తాడు కానీ నిరుటికన్నా ఆలస్యమైంది. ఇంకో రెండుసార్లు అదే జరిగింది. కుస్తీ అయ్యాక వెంకటకృష్ణారావు గారు కాగితం మీద గీత గీసి, "రిఫరీ గారూ, ఇంకా రెండున్నాయి" అన్నాడు. ఆ రెండూ పాసైతేనే.

మధ్యలో విరామం ఇచ్చారు. ఆమోసుకి తన ఫెయిలు కన్నా మేష్టారి కళ్ళ మీదే దిగులు. హాలు బయట మందుల షాపుకెళ్ళి చుక్కల మందు తెచ్చాడు. సంజీవరావు వెనక మెట్ల దగ్గర ఒక్కడే కూర్చుని, కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటున్నాడు. కళ్ళు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి.

ఆమోసు చేతిలో సీసాతో అలాగే నిలబడిపోయాడు.

"సార్, మీకు కలక లేదు."

"లేదు."

"మరి?"

సంజీవరావు విసుక్కున్నాడు. "నువ్వు నా మొహం చూడకుండా ఉండాలని పెట్టుకున్నానయ్యా! పొద్దుట్నుంచి మసక మసగ్గా, తలనొప్పి. ఆ నాసిర్ చూడబోతే నన్ను కుష్టురోగిని చూసినట్టు చూస్తున్నాడు. నువ్వేమో అద్దాల్లోకి కూడా చూస్తివి!"

"తప్పైపోయిందండి."

"తప్పు నీ ఒక్కడిదేం కాదులే." ఆయన అద్దాలు ఇంకోసారి తుడిచాడు. "బడిలో నువ్వు నా వైపు చూడకుండా ఏదైనా చేశావనుకో, నాక్కూడా ఏదోలా ఉంటుంది. మొన్న గ్రౌండు గేటు నువ్వే మూసేశావు చూడు, నేను చెప్పకుండా. రాత్రంతా ఆలోచించా, వీడికేమైందని." నవ్వాడు. "ఆ చుక్కలు పారెయ్యకు. కలక నిజంగా వచ్చేట్టుంది, ఈ అద్దాల మురికికి."

ఇద్దరూ పులిహోర పంచుకు తిన్నారు. డబ్బా ఒకటే, చెంచా లేదు. సంజీవరావు మరో మాట లేకుండా అదే డబ్బాలో చెయ్యి పెట్టాడు.

రెండో కుస్తీ ముందు ఆమోసు మ్యాటు అంచున కళ్ళు మూసుకుని, "తండ్రీ, నేను చూసింది నేనే చెప్పేలా చూడు" అనుకున్నాడు. ఈసారి మెడ తిరగబోయింది. కానీ ఆ అద్దాల వెనక తలనొప్పితో ఒక మనిషి తనకోసం కూర్చున్నాడని గుర్తొచ్చి ఆగిపోయింది. చెయ్యి లేచింది. తర్వాత ఇంకోసారి. ఏకపక్షంగా సాగిన కుస్తీ కాబట్టి ఎవరికీ తేడా రాలేదు. వెంకటకృష్ణారావు గారు ఏమీ అనలేదు. అనకపోతే పాసయినట్టే.

మూడోది యాభై అయిదు కిలోల ఫైనలు. ఎర్ర బట్టల్లో కొండపల్లి కుర్రాడు సాయిగణేష్, నీలంలో విజయవాడ కుర్రాడు సాత్విక్. ఇద్దరూ బొంగరాల్లా తిరుగుతున్నారు. చెరి నాలుగు పాయింట్లతో ఉన్నారు, ఇంకా అరనిమిషం ఉంది. రెండు వైపులా కోచ్‌లు గొంతులు పోయేలా అరుస్తున్నారు. సాయిగణేష్ ఒక్క ఉదుటున సాత్విక్ రెండు కాళ్ళూ దొరకబుచ్చుకుని ఎత్తాడు. పడిపోతూ పడిపోతూ సాత్విక్ వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి తిప్పాడు. ఇద్దరూ ముద్దయి మ్యాటు అంచున పడ్డారు.

ఆమోసు బోర్లా పడుకుని చెంప మ్యాటుకి ఆనించాడు. ఎర్ర బట్టల వీపు మ్యాటు వైపు తిరగడం కనిపించింది. అతని కుడి చెయ్యి, నీలం పట్టీ ఉన్న చెయ్యి, రెండు వేళ్ళతో గాల్లో ఉంది. అది ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు.

జడ్జి కుర్చీలోంచి ఎర్ర అట్ట లేచింది.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నాసిర్ గారు లేచి నిలబడి, ఒక్క క్షణం ఆలోచించి, "ఎరుపు, రెండు" అన్నాడు. ఇద్దరి మాట. ఆమోసు కుడి చెయ్యి దించి ఎడమ చెయ్యి ఎత్తాడు. రూలు అది. ఆ రెండు పాయింట్లతోనే సాయిగణేష్ గెలిచాడు. ఆమోసు వాడి చెయ్యి పైకెత్తాడు.

సాత్విక్ మ్యాటు పక్కన మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. "అంకుల్, మీరు నాకే ఇచ్చారు కదా?"

"ఇచ్చాను నాయనా. మిగతా ఇద్దరూ ఇంకోలా చూశారు. వాళ్ళూ అబద్ధం చూడరు. కానీ పడిపోతూ కూడా తిప్పావు చూడు, అది నేర్పితే వచ్చేది కాదు." వాడు లేచేదాకా పక్కనే ఉన్నాడు.

అప్పుడు పిలుపొచ్చింది. వెంకటకృష్ణారావు గారి కుర్చీ ముందు ముగ్గురూ నిలబడ్డారు. పని అయిపోయింది కదా అని సంజీవరావు నల్ల అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు మొహం ఎదురుగా ఉంది, ప్రతి గీతా కనబడుతూ.

"రిఫరీ గారూ. ఆ ఆఖరి రెండు పాయింట్లు ఎవరివి?"

ఆమోసు మెడ నరం కదిలింది. కదిలి, ఆగింది. అతను ఎదురుగా ఉన్న పెద్దాయన్నే చూశాడు.

"నీలానివేనండి."

"జడ్జి గారు ఎరుపన్నారు. చైర్మన్ గారు ఎరుపన్నారు. ఇక్కణ్ణుంచి నాకూ ఎరుపే కనిపించింది. ముగ్గురం ఒక మాట అంటున్నాం. ఇప్పుడు చెప్పండి."

ఈ ఒక్క మాటతో ప్యానెలు పోవచ్చు. పొరపాటైందండీ అంటే పోయేదేం ఉంది? బడిలో రోజుకి పదిసార్లు అనే మాటే.

"మీరు ముగ్గురూ పెద్దోళ్ళండి. నేను పొరబడి ఉండొచ్చు. నా కంటికి మాత్రం ఎర్ర కుర్రాడి వీపే తిరిగిందండి. అదే చూశాను, అదే చెప్పాను."

వెంకటకృష్ణారావు గారు కలం మూత తీసి, కాగితం మీద ఏదో రాసి, దాన్ని అతని వైపు తిప్పాడు. పాస్ అని ఉంది.

ఆమోసుకి అర్థం కాలేదు. "నేను చెప్పింది తప్పని మీరే..."

"తప్పనే ఇప్పటికీ అంటున్నానండీ. మనిషన్నాక ఒకోసారి తప్పు చూస్తాడు. అందుకే గదా మ్యాటు దగ్గర ముగ్గుర్ని పెట్టారు. నిరుడు మీరు జడ్జి గారి కళ్ళతో చూశారు. అంటే ఆ పిల్లలకి ఇద్దరే దక్కారు. ఇవాళ ముగ్గురు దక్కారు." ఆయన కుర్చీలోంచి లేచి చెయ్యి కలిపాడు. "వచ్చే నెల అమ్మాయిల పోటీలకి పిలుస్తాం. విజిలు మీదే తెచ్చుకోండి."

నాసిర్ గారు ఆమోసు భుజం తట్టి, సంజీవరావు వైపు తిరిగి కళ్ళలోకి అనుమానంగా చూశాడు. "మేష్టారూ, మీ కలక ఏమయిందండీ?"

"తగ్గింది" అన్నాడు సంజీవరావు.

సాయంత్రం అయిదింటికి పామర్రు బస్సు దొరికింది. సంజీవరావు కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తువ్వాలు వేసి ఆపాడు. "నిలబడతావేంటయ్యా, కూర్చో." ఆమోసు కూర్చున్నాడు. సువార్తమ్మకి ఫోను చేసి చెప్పాడు. అవతల ఆవిడ స్తోత్రం అంటూ ఏడుస్తోంది. నుస్రత్ మేడమ్‌కి చెబితే, సోమవారం ఖర్జూరాలు డబ్బా నిండా తెస్తానంది.

బెంజి సర్కిల్ దాటాక ఆమోసు గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక మాటండి. మీరు మీ కుర్చీ వైపు నుంచి చూశారు కదా. అటు నుంచి వాడి పక్కటెముకలు కనిపిస్తాయండి. వీపు నా వైపుంది."

"అయిపోయింది కదయ్యా. పాసయ్యావు కూడా."

"పాసు సంగతి కాదండి. వీపు సంగతి."

"అది వీపు కాదు. భుజం పక్క."

"వీపండి."

సంజీవరావు తల తిప్పి అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు నాకు కుస్తీ నేర్పుతున్నావా?"

"ఈ ఒక్క పట్టు వరకూ నేర్పుతున్నానండి."

ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సంజీవరావుకి పౌరుషం వచ్చింది. తన సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఇదిగో, ఇది సాయిగణేష్" అన్నాడు. ఆమోసు ఖాళీ పులిహోర డబ్బా తీసి, "ఇది సాత్వికండి" అన్నాడు. కంకిపాడు వచ్చేసరికి కండక్టరు టిక్కెట్లు మానేసి పక్కన నిలబడ్డాడు. సంచీ మెడ ఎక్కడో, డబ్బా చెయ్యి ఎక్కడో అని ఆయనకి వేరే సందేహం. ఉయ్యూరులో దిగాల్సిన ఒకాయన, "నాకైతే నీలం వాడిదే అనిపిస్తుందండీ" అని చెప్పి మరీ దిగాడు.

"చూశారా సార్?" అన్నాడు ఆమోసు.

"ఆయన కుస్తీ చూడలేదు, డబ్బా చూశాడు!" అని అరిచాడు సంజీవరావు.

పామర్రులో ఊరి ఆటో వాళ్ళకోసమే ఆగి ఉంది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. సంజీవరావు చేతులు తిప్పుతూ స్టాండు మధ్యలోనే నిలబడ్డాడు. ఆమోసు ఆయన సంచీ ఆయన చేతిలోంచి తీసుకుని, ఆటో సీటు మీద వెల్లకిలా పడుకోబెట్టి, "ఇటు రండి సార్, ఇక్కణ్ణుంచి చూడండి" అని పిలిచాడు.